మిలిట్రీ తాతకు జానెడు కొసరు

నాన్న జాకెట్టు గుడ్డకు కత్తెర పెట్టబోతుంటే కౌంటరు అవతలి ఆడమనిషి ఆయన చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"జర కొసరు ఎయ్యి సేటూ. గట్ల గీసి గీసి కోస్తే ఎట్ల?"

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ మాట విని ఎన్నాళ్లయిందో. మెట్రో స్తంభాల కింద ఉన్న మా మ్యాచింగ్ సెంటర్‌కు వచ్చేవాళ్లు రంగు చూస్తారు, ఫోన్‌తో స్కాన్ కొడతారు, పోతారు. కూరగాయల బండి మీద కూడా డిజిటల్ కాంటా వచ్చాక తక్కెడ ఒరిగేలా నాలుగు మిరపకాయలు పైన వేయడం బందైంది. కొట్టులో కొసరు ఇవ్వొద్దని నాన్నకు నేనే గట్టిగా చెప్పాను కూడా. నేను ముఖం చిట్లించే లోపే నాన్న ముఖం పెళ్లికొడుకులా వెలిగిపోయింది. గుడ్డను బెత్తెడు ముందుకు జరిపి కసుక్కున కోసేశాడు.

"మా మిలిట్రీ తాత మళ్ల పుట్టిండు బిడ్డా" అన్నాడు నాతో. తర్వాత ఆమె వైపు తిరిగి, "కొసరు అడుగుడంటే ఆయనదేనమ్మా. ఆయనకు బొంద తవ్వినప్పుడు గూడ జానెడు కొసరు ఏయించిన నేను" అన్నాడు.

సంచీలో పెట్టుకోబోతున్న గుడ్డ ఆమె చేతిలోనే ఆగిపోయింది.

"ఆ సేటు నువ్వేనా?"

ఆమె పేరు అనసూయమ్మ. మీర్‌పేట్ అవతల ఉన్న బొందలగడ్డకు కాపరి. మిలిట్రీ తాతను పూడ్చిన రోజు గుంత తవ్వింది వాళ్ల మామ. ఆమె అప్పుడు కొత్త కోడలు, తట్టతో మన్ను ఎత్తుతోందట.

"మా మామ సచ్చేదాంక నిన్ను యాది చేసిండు సేటూ. బొందకు కొసరేంది, గిదేమన్న మార్కెట్టా అని ఆయన ఎగురుడు. నువ్వేమో గజం కట్టె పట్టుకొని కొట్టనీకె మీదికొచ్చుడు."

"కొట్టనీకె కాదు, కొలవనీకె" అన్నాడు నాన్న బుద్ధిగా. కబురు తెలిసి కొట్టులోంచి పరుగెత్తినప్పుడు ఇనుప గజం చేతిలోనే ఉండిపోయిందట. "రెండు గజాలు సరిపోతదన్నడు మీ మామ. సరిపోతే ఆయన ఊకుంటడా? లేసి కూసొని కొసరు అడుగుతడు. అందుకే జానెడు పెంచు అన్న."

ముగ్గురం కడుపులు పట్టుకుని నవ్వాం. చీరకు మ్యాచింగ్ చూడ్డానికి వచ్చిన వాళ్లెవరో మమ్మల్ని చూసి బయటికి నడిచారు. ఆ నవ్వు మీదే నేను, తాత బొంద ఇప్పుడు ఎక్కడుందో చూపిస్తావా అని అడిగాను.

"నాకు కొట్లాటలు యాదుంటయక్కా, జాగలు యాదుండయ్" అంది అనసూయమ్మ. నవ్వు తగ్గించి, "సూస్తే జల్దీ సూడుండ్రి. పేరు రాయి లేని బొందలన్ని సాపు చేస్తరట. కొత్తగ ఒచ్చేటోళ్లకు జాగ చాల్తలేదు. పెద్దలకు పెట్టుకునేటోళ్లు ఒస్తరని పెత్రమాస దాక ఆగుతున్నరు. తెల్లారి జేసీబీ ఒస్తది" అంది.

పెత్రమాస, అదే పెద్దల అమావాస్య, ఆదివారం. ఆ రోజు గురువారం. నాన్న కత్తెర కింద పెట్టేశాడు. రాయి పెట్టే హక్కు తాత సొంతవాళ్లదని, నల్గొండ పక్క ఏదో ఊళ్లోంచి ఎవరో ఒకరు వస్తారని ఆయన ఇన్నేళ్లు ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు. ఇప్పుడు ఆ మనిషికి మిగిలిన ఆ కాస్త నేల కూడా పోయేట్టుంది.

మిలిట్రీ తాత మా కొట్టు వెనక రేకుల గదిలో కిరాయికి ఉండేవాడు. ఎప్పుడు పుట్టాడు, ఎవరిని పెళ్లాడాడు, ఎన్ని మెడల్స్ వచ్చాయి అని నన్ను అడగకండి. నాకు తెలిసింది ఆయన నిలబడే తీరు. కూరగాయలు తూచడం అయిపోయాక సంచీ నోరు తెరిచి పట్టుకుని, మడమలు దగ్గరికి చేర్చి, గడ్డం పైకెత్తి, ఆకాశంలోకి చూస్తూ ఒకటే మాట అనేవాడు. "కొసరు." బతిమాలడం ఉండదు, బేరం ఉండదు. ఆరడుగుల మనిషి, మెలితిప్పిన మీసం, కదలకుండా నిలబడితే వెనక జనం పోగయ్యేవాళ్లు. ఎంత పిసినారైనా చచ్చినట్టు ఒక గుప్పెడు కొత్తిమీర పడేయాల్సిందే.

కొసరు అడగని చోటు లేదు. మంగలి దగ్గర గడ్డం అయ్యాక నెత్తికి రెండు గుద్దులు కొసరు. దవాఖానలో సూది వేసిన నర్సమ్మ దగ్గర ఒక దూది ఉండ కొసరు. మూల మీద టిఫిన్ సెంటర్ గుంటూరాయన తల బాదుకునేవాడు. "ఏంటండీ తాతగారూ, కప్పు అంచుదాకా పోశాను గదండీ, ఇంక ఎక్కడ పొయ్యమంటారు?" అంటే, తాత ఒక గుక్క తాగి కప్పు మళ్లీ ముందుకు పెట్టేవాడు. "ఇప్పుడు జాగ అయింది, పొయ్యి."

తీసుకోవడమే కాదు, ఇచ్చేవాడు కూడా. షేర్ ఆటో దిగి చిల్లర ఇచ్చాక, చేతిరుమాలు తీసి ఆ ఆటో అద్దం తళతళలాడేలా తుడిచి, సెల్యూట్ కొట్టి పంపేవాడు. మా కొట్టు ముందు ఊడ్చుకున్నాక పక్క కొట్టు ముందు ఒక బారెడు ఊడ్చేవాడు. ఇదేమిటని అడిగితే, కొసరు. ఇక ఆయన సెలవు తీసుకోవడం అయితే పెద్ద తతంగం. పోయొస్తానని చెప్పి నాలుగడుగులు వేసేవాడు. వాళ్లు తలుపేసుకునేలోపు గిరుక్కున తిరిగి వచ్చి ఇంకో మాట చెప్పేవాడు. మా అమ్మ ఆయన వెళ్లాక కాసేపు తలుపు వేసేదే కాదు. "ఎందుకు, కొసరు బాకీ ఉంది కదా" అనేది.

మా అందరికీ హోదాలిచ్చాడు. నాన్న స్టోర్ కీపర్. నేను లాన్స్ నాయక్. నడుం వంచి నిలబడితే హోదా పీకేసేవాడు, నిటారుగా నిలబడితే సాయంత్రానికి తిరిగిచ్చేవాడు. చిన్నప్పుడు నేను వారంలో సగం రోజులు సిపాయిగానే గడిపాను.

నేను ఇంటర్ ఫెయిలైన రోజు ఒకటుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఫెయిలవడమంటే పెళ్లి పందిట్లో ఏడుపు ముఖంతో కూర్చోవడమే. ఎటు చూసినా కోచింగ్ సెంటర్ల గోడల మీద ర్యాంకులొచ్చిన వాళ్ల ఫొటోలు. నేను మిద్దె మీద నీళ్ల ట్యాంకు వెనక దాక్కుని ఏడుస్తున్నాను. తాత మెట్లెక్కి వచ్చాడు. చేతిలో నూనె మరకల పొట్లం. మిర్చి బజ్జీలు.

"మూడు కొన్న, నాలుగిచ్చిండు" అన్నాడు గొప్పగా. పక్కన కూర్చుని, నేను వెక్కుతుంటే మొదటిసారి తన మిలిట్రీ ముచ్చట ఒకటి చెప్పాడు. మంచుకొండల్లో ఒక పొద్దున ఇద్దరు పక్కపక్కన కూర్చుని చాయ్ తాగుతున్నారట. గుండు వచ్చి పడింది. పక్కవాడు లేడు. వాడి కప్పు మాత్రం నిలబడే ఉంది.

"నా అసలు గాడనే అయిపోయింది బిడ్డా" అన్నాడు. "గీ తిండి, గీ చాయ్, నీతోని గీ ముచ్చట, అంత కొసరే. కొసరు మీద ఎవడన్న ఏడుస్తడా? సదువుల నీకు ఒక ఏడాది కొసరు పడ్డది. తీస్కో."

అంతకుముందు ఆయన కొసరు అడిగితే నాకు సిగ్గేసేది. రోడ్డు మీద తల దించుకునేదాన్ని. ఆ సాయంత్రం తర్వాత ఎప్పుడూ సిగ్గేయలేదు. ఆయన లేచి, నన్ను అటెన్షన్‌లో నిలబెట్టి, సెల్యూట్ తీసుకుని కిందికి దిగాడు. నాలుగు మెట్లు దిగి మళ్లీ పైకొచ్చాడు.

"ఆ నాలుగో బజ్జీ కొసరుది. అది నాది. ముట్టకు."

అప్పటికే నేను దాన్ని కొరికేశాను.

శనివారం పొద్దున నాన్న, నేను బొందలగడ్డకు పోయాం. నేను టేపు తెస్తానంటే నాన్న ససేమిరా అన్నాడు. మీటరు కట్టె వచ్చాక దేవుడి పటాల వెనక పెట్టేసిన పాత ఇనుప గజాన్ని తీసి, పసుపు తుడిచి చంకన పెట్టుకున్నాడు. "దీనితోని పెట్టిన, దీనితోనే దేవులాడుత" అన్నాడు. బస్సులో అందరూ ఆ గజాన్నీ, ఆయన్నీ చూసి కాస్త జరిగి కూర్చున్నారు. మాకు హాయిగా సీట్లు దొరికాయి.

అనసూయమ్మ కొడవలితో ఎదురొచ్చింది. లోపలంతా సర్కారు తుమ్మ. మట్టి దిబ్బలు ఎప్పుడో కుంగి నేలలో కలిసిపోయాయి. అయితే వాళ్లింట్లో ఒక అలవాటుంది. ఎవరిని పూడ్చినా తల దగ్గర ఒక బండరాయి, కాళ్ల దగ్గర ఒక బండరాయి పాతుతారు. పేర్లుండవు, ఏముండవు. ఆ రెండు రాళ్ల మధ్య దూరమే మాకు దిక్కు. మామూలు బొంద అయితే రెండు గజాలు. తాతది రెండు గజాల జానెడు. నడిమి రెండు వరసల్లోనే ఎక్కడో ఉండాలని అనసూయమ్మ తేల్చింది.

ఆమె తుమ్మ నరకడం, నాన్న వంగి గజం పెట్టడం, నేను పక్కన నిలబడి నోరు పారేసుకోవడం. ఆమె ఫోన్ మోగినప్పుడల్లా బొందలగడ్డంతా తీన్మార్ దరువు. "సైలెంట్‌ల పెట్టరాదూ" అంటే, "ఎవలు లేస్తరక్కా ఈడ?" అంది.

మొదటి వరస చివర నాన్న ఒక్క కేక పెట్టాడు. "దొరికిండు! రెండు గజాలు, పైన జానెడు!"

గజాన్ని చంకలో పెట్టి, కడుపు లోపలికి పీల్చి, టకాలున సెల్యూట్ కొట్టాడు. నేనూ కొట్టాను. అనసూయమ్మ చెప్పులు విడిచి దండం పెట్టింది. తర్వాత తల దగ్గరి రాయిని కొడవలి మొనతో గీకింది. మట్టి రాలి, తర్వాతెప్పుడో వాళ్లవాళ్లు చెక్కించిన అక్షరాలు అరిగిపోయి బయటపడ్డాయి. పేరు పోయింది కానీ చివరి మాట చక్కగా మిగిలింది. పహిల్వాన్.

ముగ్గురం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం.

"పోనీ బిడ్డా" అన్నాడు నాన్న చెయ్యి దించుతూ, "పహిల్వాన్‌కు ఒక సెల్యూట్ కొసరు పడ్డది."

నవ్వాగక వెనక్కి వాలితే నాకు తుమ్మముల్లు గుచ్చుకుంది. ఆ ఊపులో రెండో వరస కూడా పూర్తి చేశాం. నాన్న ఒక్కో దాని దగ్గర గజం పెట్టడం, పెదవి విరవడం. ఇది రెండు గజాలకు తక్కువ. ఇదీ తక్కువే. ఇది సరిగ్గా రెండు, జానెడు లేదు. ఇది మళ్లీ తక్కువ. వరస అయిపోయింది. ఎండ నెత్తికెక్కింది. పొద్దున్నుంచి ఎగిరిన నాన్న ఒక రాయి మీద కూలబడ్డాడు.

"లేడు బిడ్డా. జేసీబీ కంటె ముందే ఎవలనో ఆయన మీద పెట్టిన్రు" అన్నాడు. నాకు నాన్న మీద జాలి, కోపం రెండూ ఒకేసారి పొంగుకొచ్చాయి. ఏడవడానికా వచ్చింది ఇంత దూరం? ఏదో అనబోతూ ఆగాను. ఆయన చేతులు ఊరికే ఉండలేదు. భుజం మీది కండువా తీసి, గజానికి పెట్టి, అలవాటుగా కొలుస్తున్నాడు. ఒక గజం అయ్యాక చివర నాలుగు వేళ్లు ఆనించి, ఆ వేళ్ల అవతల నుంచి రెండో గజం మొదలుపెట్టాడు. గజానికి బెత్తెడు. కొట్టులో దాని మీదే కదా రోజూ మా ఇద్దరికీ గొడవ!

"నాన్నా, నీ వేళ్లు!" అని అరిచాను. "పొద్దున్నుంచి గట్లనే కొలుస్తున్నవా?"

"ఎట్ల?"

"గజానికి బెత్తెడు ఇడిసిపెట్టి! రెండు గజాలకు రెండు బెత్తెలు పోతే, ఇంక జానెడుల ఏం మిగుల్తది? సచ్చినోళ్లకు గూడ కొసరేస్తున్నవా నువ్వు?"

నాన్న తన వేళ్లకేసి చూసుకున్నాడు. ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. అనసూయమ్మ కొడవలి పారేసి నేల మీద కూర్చుండిపోయింది, నవ్వి నవ్వి. "అందుకే అన్ని కురసగ ఒచ్చినయ్! నేననుకున్న, మా మామ మన్ను తక్కువ తవ్వి మోసం చేసిండేమో అని, పాపం!"

అంటే తక్కువ వచ్చినవన్నీ మామూలువి. సరిగ్గా రెండు గజాలు వచ్చిందే తాతది. అదేది? ముగ్గురం ఒకేసారి అటు తిరిగాం. పొద్దున రాగానే నీడగా ఉందని సంచీ, చాయ్ ఫ్లాస్కు పెట్టుకున్నది దాని తలరాయి మీదే. ఈసారి గజం నేను పట్టుకున్నాను, వేళ్లు మడిచి. ఒకటి. రెండు. పైన నా జాన పెట్టాను. బొటనవేలు గజం కొసకు, చిటికెన వేలు కాళ్లరాయికి సరిగ్గా అతికాయి.

సంతోషంతో నాకు కాళ్లు నిలవలేదు. ఎగిరాను. నలభై దాటిన ఆడదాన్ని, బొందలగడ్డలో, చీర కుచ్చిళ్లు పట్టుకుని ఎగిరాను. అనసూయమ్మ ఫోన్ తీసి ఆ తీన్మార్ దరువే మళ్లీ పెట్టింది. నాన్న మాత్రం నిటారుగా నిలబడి, "స్టోర్ కీపర్ హాజిర్ సాబ్" అన్నాడు. అని ఫ్లాస్కు మూత తీసి, తలరాయి ముందు చాయ్ ఒంపాడు. ఒంపి, ఒక్క క్షణం ఆగి, ఇంకో గుక్కెడు ఒంపాడు.

ఆ సాయంత్రమే ఎల్‌బీ నగర్‌లో రాళ్లు చెక్కే అతని దగ్గరికి పరుగు. తెల్లారేసరికి కావాలంటే అతను మా వంక వింతగా చూశాడు. పుట్టిన తేదీ ఏమిటన్నాడు. "ఆయన రెండుసార్లు పుట్టిండు, ఏది రాస్తవ్?" అన్నాడు నాన్న. తేదీలు వదిలేశాం. పేరు, దాని కింద ఫౌజీ అనే మాట, అంతే. ఆ పేరు నేనిక్కడ రాయను. ఆ పేరుతో మేమెవరం ఆయన్ని పిలవలేదు, రాస్తే ఎవరో కొత్తమనిషిలా ఉంటాడు.

పెత్రమాస మధ్యాహ్నం రాయి నిలబెట్టాం. అనసూయమ్మ మా కన్నా ముందే గుంత తవ్వి, నీళ్లు చల్లి, ముగ్గేసి ఉంచింది. మేమిచ్చిన జాకెట్టు గుడ్డ అప్పుడే కుట్టించి వేసుకుంది కూడా. విస్తరి పరిచి అన్నం, మటన్ కూర, గ్లాసులో చాయ్, మిర్చి బజ్జీలు మూడు పెట్టాం. పెట్టి దూరం జరిగి, పిట్ట వచ్చి ముట్టే దాకా నిలబడ్డాం.

కాకి రాలేదు. పావురాలొచ్చాయి. అనసూయమ్మ వాటిని తరిమింది. పిట్ట ముట్టకపోతే పోయిన మనిషికి మనసులో ఏదో మిగిలి ఉన్నట్టు. ఏం కావాలో కనిపెట్టి మాటివ్వాలి. నాన్న మొదలుపెట్టాడు. "ఏటేట పెత్రమాసకు ఒస్త సాబ్." రాలేదు. "పక్క కొట్టు ముంగట గూడ ఊడుస్త." రాలేదు. అనసూయమ్మ, "నీ మీద ఎవలను పెట్టనియ్య తాతా, జేసీబీకి అడ్డం పండుకుంట" అంది. అప్పటికీ రాలేదు. ఇద్దరూ మెల్లగా నా వైపు తిరిగారు.

"నన్నేం సూస్తరు?" అన్నాను. నాకు తెలుసు. వాళ్లకూ తెలుసు. కాసేపు బిగబట్టాను. చివరికి, "సరే తాతా. కొట్టుల ఇంకమీద కొసరు ఇస్తం. బెత్తెడు కాదు, వేళ్లు జర వంచి ఇస్తం" అన్నాను.

"నిండు బెత్తెడు" అన్నాడు నాన్న గుసగుసగా.

"నిండు బెత్తెడు!"

తుమ్మ మీంచి కాకి దిగింది. ఎంతసేపట్నుంచి అక్కడుందో ఏమో. మటన్ ముక్క లాగింది, అన్నం కెలికింది, బజ్జీ ఎత్తుకుని ఎగిరిపోయింది. మేం చప్పట్లు కొట్టాం. గిన్నెలు సర్దుకుని, రాయికి దండం పెట్టి, పోయొస్తాం తాతా అని నాలుగడుగులు వేశాం.

"అక్కా, ఎనకకు సూడు" అంది అనసూయమ్మ.

కాకి మళ్లీ వచ్చింది. విస్తరి దగ్గరికి పోలేదు. కొత్త రాయి మీద, మెడ పైకెత్తి, నిటారుగా నిలబడి ఉంది.

అంతకుముందు బొందలగడ్డకు వచ్చేటప్పుడే బజ్జీల బండి దగ్గర నేను ఆ మూడూ కొని, జన్మలో మొదటిసారి మడమలు దగ్గరికి చేర్చి, ఆకాశంలోకి చూస్తూ కొసరు అడిగాను. బండివాడు బిత్తరపోయి ఇంకోటి వేశాడు. దాన్ని ఇంటికి పోతూ తిందామని టిఫిన్ డబ్బాలో దాచుకున్నాను. ఇప్పుడు నాన్న నా చేతిలోని డబ్బా వైపు చూశాడు. కళ్లనిండా నీళ్లు, ముఖం నిండా నవ్వు. నేను వెనక్కి నడిచి, మూత తీసి, రాయి ముందు పెట్టాను.

"నాలుగోది నీదే తాతా. ఈసారి కొరకలే."